నాపామ్ డెత్ ధ్వని ఎలా మారుతూ వచ్చింది? ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

నాపామ్ డెత్ అనే ఇంగ్లండు బ్యాండు మొదటి ఆల్బం "స్కమ్" వింటే మొదటి నుంచి చివరి దాకా ఒకటే హోరులా ఉంది, అదే బ్యాండు 1990ల రికార్డులు పెడితే ఇంకెవరో వాయిస్తున్నట్టు ఉంది, ఇదెలా జరిగింది, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా హార్డ్‌కోర్ బ్యాండ్లలో డ్రమ్స్ వాయిస్తున్నాను. నాపామ్ డెత్ పాటలు సాధన చేస్తూనే నా చేయి తిరిగింది. అందుకని వినేవాళ్ల వైపు నుంచి కన్నా వాయించేవాళ్ల వైపు నుంచే ఎక్కువ చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ బ్యాండు పేరెత్తగానే అందరూ వేగం గురించి మాట్లాడతారు. నాకైతే వీళ్ల నలభై ఏళ్ల నడకను నిర్ణయించింది నెమ్మదిగా, బరువుగా సాగే భాగాలే అనిపిస్తుంది. వేగమూ బరువూ రెండూ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. ఒక్కో కాలంలో ఒక్కోటి పైకి తేలింది, రెండోది అడుగున ఉండి లాగుతూనే వచ్చింది. "స్కమ్"లో వాయించినవాళ్లలో ఒక్కరు కూడా ఇవాళ్టి బ్యాండులో లేరు. అయినా 1987 రికార్డుకూ 2020 రికార్డుకూ చుట్టరికం వినిపిస్తుందంటే కారణం ఈ పెనుగులాటే.

1981లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్, కోవెంట్రీల మధ్య ఉన్న మెరిడెన్ అనే ఊళ్లో నికోలస్ బులెన్, మైల్స్ రాట్లెడ్జ్ అనే ఇద్దరు బడిపిల్లలు ఈ బ్యాండు పెట్టారు. అప్పటికి వాళ్లది క్రాస్ అనే ఇంగ్లండు పంక్ బృందం చూపిన దారిలో నడిచే అనార్కో పంక్, అంటే ప్రభుత్వాలనూ అధికారాన్నీ ధిక్కరించే పంక్ సంగీతం. యుద్ధం, అణ్వాయుధాలు, జంతుహింస, బహుళజాతి కంపెనీల పెత్తనం లాంటివే పాటల విషయాలు. 1984లో క్రాస్ సొంత లేబుల్ తెచ్చిన ఒక సంకలనంలో వీళ్ల పాట ఒకటి చోటు చేసుకుంది. గ్రైండ్‌కోర్ ఛాయలు అందులో ఇంకా లేవు. పాటలు అతి వేగంగా, అతి కురచగా, అరుపులతో సాగే ఆ సంగీతానికే తర్వాత వీళ్ల పేరు ముడిపడింది.

ఆ తర్వాత ఇద్దరు వచ్చి బ్యాండును రెండు వైపులకు గుంజారు. 1985లో వచ్చిన గిటారిస్టు జస్టిన్ బ్రాడ్రిక్‌కు ఇంగ్లండు బ్యాండు కిల్లింగ్ జోక్, స్వాన్స్, యంత్రాల మోతను తలపించే ఇండస్ట్రియల్ సంగీతం అంటే ప్రాణం. స్వాన్స్ న్యూయార్క్ బృందం. ఒకే దెబ్బను మళ్లీ మళ్లీ, అతి నెమ్మదిగా, వినేవాళ్లను నేలకు అదిమేసేలా వాయించడం వాళ్ల పద్ధతి. 1986లో వచ్చిన డ్రమ్మర్ మిక్ హారిస్‌కు పరుగు కావాలి. అప్పట్లో ఇలాంటి సంగీతం క్యాసెట్ల మార్పిడి మీదే బతికేది. ఉత్తరాల్లో టేపులు పంపుకొని, వాటిని మళ్లీ కాపీ చేసి ఇంకొకరికి పంపేవారు. హారిస్‌కూ, తర్వాత బేస్ వాయించిన షేన్ ఎంబరీకీ ఆ టేపులే పాఠాలు. అలా చేతులు మారిన వాటిలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వేమౌత్‌కు చెందిన సీజ్ బ్యాండు 1984 డెమో, అంటే నమూనా టేపు, ముఖ్యమైనది. ఆ డెమో వేగం నాపామ్ డెత్‌కు దారి చూపిందని చాలామంది రాశారు, నిజమే. అయితే ఆ డెమో చివరి పాట శాక్సఫోన్ మూలుగుతో ఈడ్చుకుంటూ దాదాపు ఏడు నిమిషాలు సాగుతుంది. వేగానికి ఆద్యులనిపించుకున్న వాళ్లు కూడా చివరికి నెమ్మదిగా ముగించారు. ఈ సంగతి నాకు ఎప్పుడూ ఆసక్తికరమే. గ్రైండ్ అనే మాటను తాను మొదట వాడింది స్వాన్స్ సంగీతాన్ని వర్ణించడానికేనని హారిస్ స్వయంగా చెప్పాడు కూడా.

ఇక్కడ బ్లాస్ట్ బీట్ అనే అతి వేగమైన డ్రమ్స్ వాయింపు గురించి కొంచెం చెప్పాలి. ఇది తెలిస్తే "స్కమ్" హోరులో దారి దొరుకుతుంది. కాలితో కొట్టే పెద్ద బేస్ డ్రమ్మూ ఇత్తడి పళ్లెంలాంటి సింబలూ ఒకేసారి పడతాయి, వెంటనే స్నేర్ అనే కరకరలాడే చిన్న డ్రమ్ పడుతుంది, మళ్లీ బేస్ డ్రమ్, మళ్లీ స్నేర్. అంతే. దెబ్బల మధ్య ఖాళీ తగ్గుతూ పోతే చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టడం మానేసి ఒకే ముద్దగా వింటుంది. అది వినిపించే తీరు. వాయించేటప్పుడు తెలిసేది వేరు. వేగం పెరిగేకొద్దీ కర్ర పైకి లేచే ఎత్తు తగ్గిపోతుంది, దాంతో ప్రతి దెబ్బలోనూ బలం తగ్గుతుంది. చాలామంది డ్రమ్మర్లు ఇక్కడ వేగాన్ని నిలబెట్టుకుని బలాన్ని వదులుకుంటారు. హారిస్ దానికి విరుద్ధం. నెమ్మది భాగంలో స్నేర్‌ను ఎంత గట్టిగా కొడతాడో బ్లాస్ట్‌లోనూ అంతే గట్టిగా కొట్టడానికి ఒళ్లంతా ఒడ్డుతాడు. లయ అక్కడక్కడా తూలుతుంది, కొన్నిచోట్ల పరుగెత్తుతుంది. కొలబద్ద పెట్టి చూస్తే తప్పులే. కానీ ఒక మనిషి తన శరీరం ఓర్చుకోగలిగిన చివరి హద్దు దగ్గర వాయిస్తున్నాడని తెలిసిపోతుంది. ఇవాళ కంప్యూటర్‌లో దెబ్బలన్నీ సరిచేసిన ఎన్నో రికార్డులు దీనికన్నా వేగంగా ఉంటాయి. వాటిలో నాకు ఆ ఆయాసం వినిపించదు.

ఇప్పుడు "స్కమ్". దాన్ని ఒకే రికార్డు అనుకుని వింటే తికమక తప్పదు. అది రెండు వేర్వేరు బృందాల పని. మొదటి వైపు 12 పాటలు 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో రికార్డయ్యాయి. బులెన్ పాడుతూ బేస్ వాయించాడు, బ్రాడ్రిక్ గిటార్, హారిస్ డ్రమ్స్. రెండో వైపు 16 పాటలు 1987 మేలో రికార్డయ్యే నాటికి బులెన్, బ్రాడ్రిక్ ఇద్దరూ వెళ్లిపోయారు. లీ డోరియన్ గొంతు, బిల్ స్టీర్ గిటార్, జిమ్ వైట్లీ బేస్. రెండు వైపులా ఉన్నది ఒక్క హారిసే. నాటింగ్‌హామ్‌కు చెందిన ఇయరేక్ అనే చిన్న లేబుల్ ఈ రెంటినీ ఒక ప్లాస్టిక్ పళ్లానికి చెరో వైపు వేసి 1987లో విడుదల చేసింది. ముఖచిత్రం గీసింది కార్కాస్ బ్యాండు గాయకుడు జెఫ్ వాకర్.

మొదటి వైపు మొదటి పాట వేగంగా ఉండదు. గిటార్ రొద, సింబళ్ల మోత, దాని మీద పెద్ద కంపెనీల గురించి ఒక కేక. ప్రపంచంలోకెల్లా వేగమైన బ్యాండు అనిపించుకోబోయే వాళ్లు తమను తాము ఇలా పరిచయం చేసుకున్నారు. ఆ తర్వాత టైటిల్ పాట వినండి. మొదట బ్రాడ్రిక్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస, బరువుగా అడుగులేస్తుంది, అది బాగా నాటుకున్నాకే డ్రమ్స్ విరుచుకుపడతాయి. నేను ఈ పాట వాయించేటప్పుడు కష్టమనిపించేది బ్లాస్ట్ కాదు, దాని ముందున్న నడక. అక్కడ తొందరపడితే తర్వాత ఎంత వేగంగా వాయించినా ఆ విరుచుకుపడటం రాదు. అదే వైపు "సీజ్ ఆఫ్ పవర్" దాదాపు నాలుగు నిమిషాలు ఉంటుంది, ఒకే రిఫ్‌ను అరగదీస్తూ. వైపు ముగిసేది మాత్రం "యూ సఫర్"తో. దాని నిడివి 1.316 సెకన్లు, అతి పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకం గుర్తించింది. దాన్ని చాలామంది వినోదంగా చెప్పుకుంటారు. నాకు అది బ్యాండు స్వభావానికి అచ్చమైన నమూనా. బాధ ఎందుకు పడుతున్నావని అడిగే నాలుగు మాటలు, జవాబుకు చోటే లేదు.

రెండో వైపు గాలి మారుతుంది. పాటలు మరీ కురచవుతాయి, డోరియన్ గొంతు అట్టడుగుకు దిగుతుంది, హారిస్ ఇంకా వేగం పెంచుతాడు. డోరియన్ అంతకుముందు కోవెంట్రీలో కచేరీలు ఏర్పాటు చేసేవాడు, బ్యాండులో పాడిన అనుభవం లేదు. ఆ లేకపోవడమే మేలు చేసిందనుకుంటాను. ఎలా పాడాలో ఎవరూ చెప్పని గొంతు అది. బీబీసీ రేడియోలో సంగీత కార్యక్రమం నడిపే జాన్ పీల్ వీళ్లను పిలిచి 1987లోనూ 1988లోనూ తన కార్యక్రమం కోసం సెషన్లు, అంటే స్టూడియో రికార్డింగులు, చేయించాడు. దేశమంతా వినే రేడియోలో ఇలాంటి సంగీతం రావడం అప్పటికి ఊహకందని సంగతి. మీకు "స్కమ్" రికార్డింగ్ మసకగా అనిపిస్తే ఆ పీల్ సెషన్లు వినండి. స్నేర్, గొంతు విడివిడిగా తెలుస్తాయి.

1988లో వచ్చిన "ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్ టు ఆబ్లిటరేషన్" ఈ దశకు శిఖరం. షేన్ ఎంబరీ బేస్‌తో వచ్చాడు, ఇవాళ్టికీ ఉన్నాడు. అతని బేస్ గిటార్‌కు తోడుగా కింద ఉండే రకం కాదు. డిస్టార్షన్, అంటే కావాలని తెప్పించిన గరగర, నిండిన ఆ శబ్దం ముందుకొచ్చి పాట మొత్తాన్ని కప్పేస్తుంది. తర్వాతి ముప్పై ఏళ్లూ బ్యాండులో ఎవరు వచ్చినా పోయినా ఈ మందపాటి బేస్ మాత్రం నిలిచింది. ఇక ఈ ఆల్బం కూడా నెమ్మదైన పాటతోనే మొదలవుతుంది. రెండుసార్లు ఇలా జరిగిందంటే కాకతాళీయం అనుకోలేను.

నా వాదనకు అసలు సాక్ష్యం ఇక్కడి నుంచి వెళ్లిపోయిన వాళ్ల జాడ. బ్రాడ్రిక్ గాడ్‌ఫ్లెష్ పెట్టాడు. 1989 నాటి వాళ్ల "స్ట్రీట్‌క్లీనర్"లో డ్రమ్ మెషీన్ మీద రిఫ్‌లు రోడ్డు రోలర్‌లా కదులుతాయి. 1989లో జపాన్ పర్యటన అయ్యాక డోరియన్, స్టీర్ తప్పుకున్నారు. డోరియన్ పెట్టిన కథీడ్రల్ 1991లో తెచ్చిన "ఫారెస్ట్ ఆఫ్ ఈక్విలిబ్రియం" డూమ్ అనే అతి నెమ్మదైన మెటల్ సంగీతంలో పాకుతూ నడిచే రికార్డుల్లో ఒకటి. హారిస్ 1991లో బయటికి వచ్చి పాత మిత్రుడు బులెన్‌తో స్కార్న్ మొదలుపెట్టాడు. 1992లో వాళ్ల మొదటి ఆల్బం "వే సోలిస్"లో గిటార్ వాయించింది బ్రాడ్రిక్. అంటే "స్కమ్" మొదటి వైపు ముగ్గురూ మళ్లీ ఒకచోట చేరారు. చేరి చేసింది జమైకా నుంచి వచ్చిన డబ్ లయల మీద ఆడే నెమ్మదైన, చీకటి సంగీతం. స్టీర్ ఒక్కడే కార్కాస్‌తో వేగం దారిలో ఇంకొంత దూరం వెళ్లాడు. అంత వేగంగా వాయించిన మనుషులు బయటికి రాగానే దాదాపు అందరూ నెమ్మదినే ఎంచుకున్నారు. ఆ కోరిక బ్యాండులో ఉన్నప్పుడే వాళ్ల లోపల ఉందని "స్కమ్"ను మళ్లీ వింటే తెలుస్తుంది.

మిగిలిన బ్యాండు అట్లాంటిక్ దాటింది. 1990లో వచ్చిన "హార్మనీ కరప్షన్"ను ఫ్లోరిడాలోని టాంపాలో మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్‌తో చేశారు. అప్పటికి అది గుర్రుమనే గొంతుతో, బరువైన గిటార్లతో సాగే డెత్ మెటల్‌కు పుట్టిల్లు. బెనెడిక్షన్ అనే బ్యాండు నుంచి బార్నీ గ్రీన్‌వే గాయకుడిగా, అమెరికా నుంచి జెస్సీ పింటాడో, మిచ్ హారిస్ గిటార్లకు వచ్చారు. మిక్ హారిస్‌కూ మిచ్ హారిస్‌కూ చుట్టరికం లేదు, పేర్లు చూసి చాలామంది పొరబడతారు. పాటలు పొడవయ్యాయి, గిటార్లు చదునుగా, శుభ్రంగా మారాయి. పంక్ అభిమానులు చాలామంది అప్పుడు నొచ్చుకున్నారు. నాకు ఈ రికార్డు మీద గౌరవం ఉంది, ప్రేమ మాత్రం తక్కువ. మిక్ హారిస్ డ్రమ్స్‌లో ఉన్న మొరటుతనాన్ని ఆ స్టూడియో నునుపు చేసేసింది. 1992 నాటి "యుటోపియా బానిష్డ్"లో కొత్త డ్రమ్మర్ డానీ హెరెరాతో ఆ కోపం తిరిగొచ్చింది.

మీకు వేరే బ్యాండులా అనిపించినవి దీని తర్వాతివి: 1994 నాటి "ఫియర్, ఎంప్టినెస్, డిస్‌పెయిర్", 1996 నాటి "డయాట్రైబ్స్", 1997 నాటి "ఇన్‌సైడ్ ద టోర్న్ అపార్ట్". వీటిని బ్యాండు దారి తప్పిన కాలమని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. బ్లాస్ట్ బీట్లు తగ్గాయి, నిజం. వాటి స్థానంలో విరిగి విరిగి నడిచే లయలు వచ్చాయి, గిటార్లు ఒకదానికొకటి పొసగని స్వరాలు పట్టుకుని వేలాడతాయి. అమెరికాలో హెల్మెట్ లాంటి బ్యాండ్లు చేస్తున్న పనికి దగ్గరి పోలిక ఉంది. ఆ పాటలను హెరెరా వాయించిన తీరు నాకు పెద్ద పాఠం. రిఫ్ ఒక చోట మొదలవుతుంది, డ్రమ్స్ ఇంకో చోట బరువు వేస్తాయి, రెండూ కలుసుకునే దాకా వినేవాళ్లను ఉగ్గబట్టి ఉంచుతాడు. బ్రాడ్రిక్ 1986లో తెచ్చిన బరువు ఈ రికార్డుల్లో పూర్తిగా పైకి తేలింది, అంతే. లోపం ఉంటే అది రికార్డింగ్‌లో ఉంది, పాటల్లో లేదు. మధ్యలో కొన్నాళ్లు బార్నీ బ్యాండుకు దూరమై ఎక్స్‌ట్రీమ్ నాయిస్ టెర్రర్ అనే ఇంకో బ్యాండుతో పాడాడు, వాళ్ల గాయకుడు ఫిల్ వేన్ ఇటు వచ్చాడు, మళ్లీ ఎవరి చోటికి వాళ్లు చేరారు.

1999లో ఒక చిన్న రికార్డు మలుపు తిప్పింది. "లీడర్స్ నాట్ ఫాలోవర్స్" పేరుతో తాము కుర్రతనంలో టేపుల మీద విన్న బ్యాండ్ల పాటలను వాయించారు: రిపల్షన్, డెత్, ఇటలీ హార్డ్‌కోర్ బ్యాండు రా పవర్, కెనడా వాళ్ల స్లాటర్, చిలీ వాళ్ల పెంటాగ్రామ్, డెడ్ కెన్నెడీస్. దాని తర్వాత 2000లో వచ్చిన "ఎనిమీ ఆఫ్ ద మ్యూజిక్ బిజినెస్"లో వేగం కట్టలు తెంచుకుంది. అయితే 1990లలో నేర్చుకున్న విరుపులూ అపస్వరాలూ పోలేదు. బ్లాస్ట్ బీట్ మీద ఆ వింత స్వరాలు వేస్తే ఎలా ఉంటుందో ఇక్కడి నుంచి వినొచ్చు. ఇవాళ్టి నాపామ్ డెత్ ధ్వని ఈ కలయికే.

2005లో "ద కోడ్ ఈజ్ రెడ్... లాంగ్ లివ్ ద కోడ్", 2012లో "యుటిలిటేరియన్" దాన్ని ఇంకా విస్తరించాయి. "యుటిలిటేరియన్"లో ఒక పాటకు న్యూయార్క్ జాజ్ సంగీతకారుడు జాన్ జోర్న్ శాక్సఫోన్ వాయించాడు. పైన చెప్పిన సీజ్ డెమో గుర్తుంటే ఆ శాక్సఫోన్ కొత్తగా అనిపించదు. బార్నీ అరుపుల మధ్య శ్లోకం చదివినట్టు ఒకే స్వరం మీద సాగే పాట కూడా మొదలుపెట్టాడు, పక్కనే మిచ్ హారిస్ చెవులు చిల్లులు పడే కేక. ఈ రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడే చోట్ల నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది 2015 నాటి "ఎపెక్స్ ప్రిడేటర్ - ఈజీ మీట్". 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే కార్మికులు. ఆ ఘోరమే ఈ ఆల్బం ఆలోచనకు మూలం. మొదటి పాటలో గిటార్ పరుగు లేదు, ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు, దాని మీద మంద్రంగా గొంతులు. 1987లో మొదటి ఆల్బంను బహుళజాతి కంపెనీల మీద కేకతో మొదలుపెట్టిన బ్యాండు 28 ఏళ్ల తర్వాత అదే మాటను, ఇంకా నెమ్మదిగా, శవాల సాక్షిగా చెప్పింది. సాహిత్యం అర్థం కాకపోతే ఏమిటని కొందరు అంటారు. ఈ ఆల్బం విషయంలో దయచేసి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినండి. ఎవరి గురించి ఇంత ఆగ్రహమో తెలిస్తే ఆ హోరు వేరేలా చేరుతుంది.

ఒక చిన్న పక్కదారి. 2013లో కీత్ హారిసన్ అనే కళాకారుడు పింగాణీ పలకలు అతికించిన పెద్ద స్పీకర్లు తయారుచేసి, నాపామ్ డెత్ వాయిస్తుంటే ఆ కంపనాలకు అవి పగిలేలా ఒక ప్రదర్శన అనుకున్నాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ పాత భవనానికి ముప్పు రావచ్చని రద్దు చేసింది. తర్వాత అదే ఏడాది బెక్స్‌హిల్‌లోని డి లా వార్ పెవిలియన్‌లో జరిగింది. సంగీతానికి బరువు ఉంటుందన్న మాటను అక్షరాలా పరీక్షకు పెట్టిన సందర్భం కాబట్టి నాకు ఇది చాలా ఇష్టం.

ఇక వినే వరుస. తేదీల ప్రకారం వెళ్లకండి. ముందు "ద కోడ్ ఈజ్ రెడ్" వినండి, రికార్డింగ్ స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఏ వాద్యం ఏం చేస్తోందో చెవికి అలవాటవుతుంది. తర్వాత "ఎపెక్స్ ప్రిడేటర్". అప్పుడు "స్కమ్" మొదటి వైపు మాత్రమే. అక్కడ ఆపి, "స్ట్రీట్‌క్లీనర్" కొంతసేపు వినండి. ఆ బరువు చెవిలో ఉండగానే "ఫియర్, ఎంప్టినెస్, డిస్‌పెయిర్" పెడితే అది వేరే బ్యాండులా అనిపించదు. "స్కమ్" రెండో వైపు, "ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్" ఆ తర్వాత. 2020 నాటి "త్రోస్ ఆఫ్ జాయ్ ఇన్ ద జాస్ ఆఫ్ డిఫీటిజం" చివరికి ఉంచుకోండి. అందులో కిల్లింగ్ జోక్ ఛాయలు తేటగా కనిపిస్తాయి, ఆల్బం ముగిసేది కూడా నెమ్మదిగా ఈడ్చే ఇండస్ట్రియల్ పాటతోనే.

శబ్దం మరీ పెంచకండి. హోరు ఎక్కువైతే చెవి అలసిపోయి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. నేను పాటలు నేర్చుకునేటప్పుడు మామూలుగా మాట్లాడుకునేంత శబ్దంలోనే పెడతాను, స్నేర్ ఒక్కదాన్నే పట్టుకుని పాట చివరి దాకా వెళ్తాను, మళ్లీ మొదటి నుంచి బేస్‌ను పట్టుకుని వస్తాను. మీరు వాయించకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. ఇవన్నీ అయ్యాక ఇంకా ఆకలి ఉంటే "లీడర్స్ నాట్ ఫాలోవర్స్"లోని పాటల అసలు రికార్డులు ఒక్కొక్కటే వెతికి వినండి, ముందుగా రిపల్షన్.